పాఠకుల ప్రశ్నలు, జవాబులు: కాలేజీ చదువుకు ఎలాంటి ల్యాప్‌టాప్ కొనాలి?

ప్రశ్న: మాది నంద్యాల జిల్లాలో ఒక పల్లె. ఈఏపీసెట్ కౌన్సెలింగులో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చి, ఈ మధ్యనే హాస్టల్లో చేరాను. బడిలో కంప్యూటర్‌ను దూరం నుంచి చూడడమే గాని సొంతంగా వాడింది లేదు. మా ఇంట్లో ఎవరికీ దాని సంగతి తెలియదు. ల్యాప్‌టాప్ కోసం నాన్న 50 వేలు సర్దారు. దుకాణంలో అడిగితే ఐ5 తీసుకుంటే నాలుగేళ్లు కళ్లు మూసుకుని వాడుకోవచ్చని చెప్పారు. గ్రాఫిక్స్ కార్డు లేనిది కొంటే దండగని సీనియర్లు అంటున్నారు. ఆపిల్ అయితే మళ్లీ చూసుకోనక్కర్లేదని బంధువొకాయన అంటున్నారు. ఎవరి మాట వినాలో పాలుపోవడం లేదు. కంప్యూటర్ భాష తెలియని నాకు అర్థమయ్యేలా చెప్పగలరా?
– ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థిని

జవాబు: ముగ్గురూ మీ మేలు కోరే చెప్పారు గాని, మీరు ఆ యంత్రంతో ఏం చేయబోతున్నారన్నది ముగ్గురిలో ఒక్కరూ అడిగినట్లు లేదు. ల్యాప్‌టాప్‌లో కొన్న తర్వాత మార్చుకోగలిగినవి కొన్ని, ఎప్పటికీ మార్చుకోలేనివి కొన్ని ఉంటాయి. లెక్కలన్నీ చేసే మెదడు లాంటి ప్రాసెసర్, స్క్రీన్, కీబోర్డు, బరువు కొన్న రోజు ఎలా ఉన్నాయో నాలుగో సంవత్సరం ప్రాజెక్టు చేసే నాటికీ అలాగే ఉంటాయి. ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీని చాలా మోడళ్లలో తర్వాత పెద్దది వేయించుకోవచ్చు. పని జరుగుతున్నంతసేపు యంత్రం సమాచారాన్ని చేతికందేలా పెట్టుకునే ర్యామ్‌ను కొన్నింటిలో పెంచుకోవచ్చు, కొన్నింటిలో పెంచుకోలేము. చేతిలో ఉన్న సొమ్ముకు హద్దు ఉన్నప్పుడు దానిని మార్చుకోలేని వాటి మీద పెట్టి, మార్చుకోగలిగిన వాటిని రెండో సంవత్సరానికో మూడో సంవత్సరానికో వాయిదా వేయమన్నదే నా సలహా. దుకాణం వారి కరపత్రం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది: 1 టీబీ నిల్వ, ఉచిత బ్యాగు పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి, స్క్రీన్ రకమూ, అదనపు ర్యామ్ తగిలించే స్లాటూ అసలు కనిపించవు.

మీ కోర్సు సంగతికి వస్తే, మొదటి సంవత్సరంలో మీరు రాసే సీ, పైథాన్ ప్రోగ్రాములు ఎంత చిన్న యంత్రం మీదైనా నడుస్తాయి. భారం మొదలయ్యేది ఆండ్రాయిడ్ స్టూడియోతో యాప్‌లు తయారుచేయడం, కంప్యూటర్‌ను నడిపించే విండోస్, లైనక్స్ అనే రెండు వ్యవస్థలనూ ఒకే యంత్రంలో కలిపి నడపడం వంటి పనులు వచ్చే మూడో సంవత్సరం ప్రాంతంలో. కంప్యూటర్‌కు ఉదాహరణలతో పని నేర్పే మెషీన్ లెర్నింగ్‌కు, బొమ్మల లెక్కలను వేగంగా చేసే గ్రాఫిక్స్ కార్డు కావాలన్న మాట నిజమే గాని, గూగుల్ కోలాబ్ వంటి సేవలు ఆ శక్తిని ఇంటర్నెట్ ద్వారా కొంత పరిమితి వరకు ఉచితంగానే ఇస్తున్నందున విద్యార్థి ప్రాజెక్టులకు అది చాలినంత సాయం. పైగా 50 వేలలో గ్రాఫిక్స్ కార్డు ఉన్నది వెతికితే మిగతా అన్నిటిలోనూ కోత పడుతుంది. రెండు కిలోలు దాటిన బరువును, ఇటుకంత అడాప్టరును హాస్టల్ నుంచి క్లాసుకు రోజూ మోయాలి. సీనియర్లు ఆటల సంగతి ఎత్తకుండా గ్రాఫిక్స్ కార్డును సిఫారసు చేయడం నాకు కొత్త కాదు. ఇక ఆపిల్ మ్యాక్‌బుక్ మంచి యంత్రమే, మీ బ్రాంచి చదువుకు పనికివస్తుంది కూడా. కానీ కొత్త మ్యాక్‌బుక్ ఎయిర్ మామూలుగా మీ సొమ్ముకు అందదు, దాని ర్యామ్‌ను ఎప్పటికీ పెంచుకోలేరు, ల్యాబులో అందరూ విండోస్ వాడుతుంటే చిన్న చిక్కు వచ్చినప్పుడు పక్కవారిని అడిగి తెలుసుకునే వీలు తగ్గుతుంది. కంప్యూటర్ కొత్తగా నేర్చుకునేవారికి ఈ చివరిది చిన్న నష్టం కాదు.

ఇప్పుడు ప్రాసెసర్. దుకాణాల్లో ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. ఐ5 అన్నది ఇంటెల్ సంస్థ ప్రాసెసర్ పేరులో ముందు భాగం మాత్రమే. అసలు విషయం దాని వెనక ఉన్న అంకెల్లోనూ చివరి అక్షరంలోనూ ఉంటుంది. ఐ5-1235యూ అని రాసి ఉంటే మొదటి రెండంకెలు అది 12వ తరానిదని చెబుతాయి. చివర యూ ఉంటే తక్కువ కరెంటుతో నడిచి బ్యాటరీ ఎక్కువసేపు వచ్చే రకం. హెచ్ ఉంటే వేగమూ ఎక్కువ, వేడీ ఎక్కువ, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. 2023 చివరి నుంచి ఇంటెల్ ఆ ఐ అక్షరాన్ని వదిలేసి కోర్ 5, కోర్ అల్ట్రా 5 వంటి పేర్లు పెడుతోంది. వీటిలో కోర్ అల్ట్రా నిజంగా కొత్త డిజైను కాగా, కోర్ 5 120యూ వంటివి పేరు మార్చుకున్న 13వ తరం ప్రాసెసర్లే. అంతమాత్రాన అవి చెడ్డవి కావు, కొత్తవన్న పేరుతో ఎక్కువ ధర చెబితే ఒప్పుకోవద్దంటున్నాను.

ఇంటెల్‌కు పోటీగా ఏఎండీ సంస్థ తయారుచేసే రైజెన్ ప్రాసెసర్ల 7000 వరుసలో తిరకాసు మరోచోట ఉంది. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ అన్న రెండు పేర్లను పక్కపక్కన పెడితే తేడా ఏమీ ఉండదనిపిస్తుంది. కానీ ఆ వరుసలో డిజైను ఏనాటిదో చెప్పేది మూడో అంకె. మొదటిదానిలో అది 2, అంటే జెన్ 2 అనే పాత డిజైను, నాలుగు కోర్లు. రెండోదానిలో 3, అంటే జెన్ 3 డిజైను, ఆరు కోర్లు. కోర్లంటే ఒకేసారి పనిచేసే చేతులనుకోండి. పైగా 7520యూ ఉన్న ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, ఆ ప్రాసెసర్ స్వీకరించేది ఆ రకం ర్యామ్‌నే. 8 జీబీతో అటువంటిది కొన్నారంటే నాలుగేళ్లూ 8 జీబీయే. దుకాణంలో మాత్రం రెండూ రైజెన్ 5లే.

మీ పనికి ఇంటెల్ 12వ తరం లేదా ఆ తర్వాతి ఐ5, లేదంటే రైజెన్ 5 7530యూ స్థాయి ప్రాసెసర్ హాయిగా సరిపోతుంది. 12వ తరం ఐ3-1215యూలో కూడా ఆరు కోర్లున్నాయి. ఐ5 కోసం ర్యామ్‌నూ స్క్రీన్‌నూ వదులుకోవలసి వస్తే నేనైతే ఆ ఐ3నే తీసుకోమంటాను. సెలెరాన్ పేరుతో గాని, ఎన్ అక్షరంతో మొదలయ్యే అంకెలతో గాని వచ్చే చవక ప్రాసెసర్లను మీ కోర్సుకు కొనవద్దు. మోడల్ పేరు మొత్తం కాగితం మీద రాయించుకుని బయటికి వచ్చి, ఫోనులో వెతికి చూసి, మళ్లీ లోపలికి వెళ్లండి. ఆ మాత్రం సమయం ఇవ్వని దుకాణంలో కొనకపోయినా నష్టం లేదు.

ర్యామ్ 16 జీబీ ఉంటే మంచిది. విండోస్ 11 మీద బ్రౌజరులో నాలుగైదు పేజీలు తెరిస్తేనే 8 జీబీలో సగానికి పైగా నిండిపోతుంది. ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసం 8 జీబీ, దానితోపాటు ఫోనును అనుకరించి చూపే ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 జీబీ కావాలని గూగుల్ సంస్థే చెబుతోంది. అయితే 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు ప్రపంచమంతటా బాగా పెరగడంతో మీ సొమ్ములో 16 జీబీ అందకపోవచ్చు. అప్పుడు 8 జీబీతో కొనండి, కానీ తర్వాత పెంచుకునే చోటు ఉండి తీరాలి. అది దుకాణంలోనే తేల్చుకోవచ్చు. ప్రదర్శనకు పెట్టిన యంత్రం మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ మీద నొక్కండి. కింది భాగంలో స్లాట్స్ యూజ్డ్, ఫార్మ్ ఫ్యాక్టర్ అనే రెండు వరుసలు కనిపిస్తాయి. ఫార్మ్ ఫ్యాక్టర్ ఎదురుగా ఎస్‌ఓడిమ్ అని, స్లాట్స్ యూజ్డ్ ఎదురుగా 1 ఆఫ్ 2 అని ఉంటే ఒక స్లాట్ ఖాళీగా ఉన్నట్లు. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే ర్యామ్‌ను బోర్డుకు అతికించారన్నమాట. సగం అతికించి, సగానికి స్లాట్ ఇచ్చే మోడళ్లూ ఉన్నాయి కాబట్టి తయారీదారు వెబ్‌సైటులో ఆ మోడల్ వివరాలు కూడా ఒకసారి చూడండి.

నిల్వ గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. వేగంగా పనిచేసే ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ 512 జీబీ ఉంటే చాలు. పాత తరహా హార్డ్ డిస్కు మాత్రమే ఉన్నదాన్ని, చవక రకాల్లో వచ్చే ఈఎంఎంసీ అనే నెమ్మది నిల్వ ఉన్నదాన్ని కొనవద్దు. ఇంటికి తెచ్చాక 512 బదులు 476 కనిపిస్తే మోసపోయామని కంగారు పడకండి. తయారీదారు వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలవడం వల్ల వచ్చే తేడా అది.

స్క్రీన్‌లో ఫుల్ హెచ్‌డీ (1920×1080 చుక్కలు), ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు మారని రకం) అనే రెండు మాటలూ ఉండాలి. దుకాణంలో స్క్రీన్‌ను పక్కనుంచీ పైనుంచీ చూడండి; రంగులు వెలిసిపోయినట్లు గాని, నల్లబడినట్లు గాని కనిపిస్తే అది చవక రకం టీఎన్ ప్యానెల్. రోజూ గంటల తరబడి కళ్లు పెట్టేది దాని మీదే. మీలా హాస్టల్ నుంచి మోసుకెళ్లేవారికి 14 అంగుళాలది, కిలోన్నరకు అటూఇటూ బరువున్నది అనువు. బ్యాటరీ విషయంలో ఇన్ని గంటలు వస్తుందన్న మాటకు బదులు బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చెప్పే వాట్ అవర్ అంకె అడగండి. 50 దాటితే బాగున్నట్లు, 40 ప్రాంతంలో ఉంటే క్లాసులో ప్లగ్గు వెతుక్కోవలసిందే.

చివరిగా, కొన్న రోజున జాగ్రత్త పడవలసిన సంగతి. కొత్త ల్యాప్‌టాప్‌ను మొదటిసారి తెరిచినప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. మీకు మెయిల్ లేదంటే కౌంటర్లోని అబ్బాయి తనదో, అప్పటికప్పుడు సృష్టించిందో ఇచ్చి పని కానిచ్చేస్తాడు. యంత్రంతోపాటు వచ్చే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఆ అకౌంటుకే ముడిపడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, విండోస్ 11 చాలా యంత్రాల్లో డిస్కుకు తనంతట తానే తాళం వేసి, ఆ తాళం తీసే రికవరీ కీని ఆ అకౌంటులోనే దాస్తుంది. ఏడాది తర్వాత ఏదో మరమ్మతు వచ్చి ఆ కీ అడిగితే, ఆ మెయిల్ ఎవరిదో, పాస్‌వర్డ్ ఏమిటో తెలియక రికార్డులూ ప్రాజెక్టులూ పోగొట్టుకోవలసి వస్తుంది. అందువల్ల దుకాణానికి వెళ్లేముందే మీ పేరున ఒక మెయిల్ తెరిచి, పాస్‌వర్డ్‌ను నోటుబుక్కులో రాసుకుని, ఆ అకౌంటుతోనే మొదలుపెట్టించండి. కొన్న వారంలోపే సీరియల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో వారంటీ తేదీ చూడండి. బిల్లు తేదీ కన్నా ముందు నుంచి లెక్కవేసి ఉంటే బిల్లు పంపి సరిచేయించుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతున్నాడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు తీసుకెళ్తే 25 వేలకు ఐ7 సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చూపించారు. అదే సొమ్ముకు కొత్తది ఐ3 కూడా రావడం లేదు. తీసుకోవచ్చా?
– ఒక తండ్రి, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: సెకండ్ హ్యాండ్‌కు నేను వ్యతిరేకిని కాదు. కంపెనీలు కొన్నేళ్లు వాడి బయటికి పంపే థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటి ల్యాప్‌టాప్‌లు కట్టుదిట్టంగా తయారైనవి, అదే ధరకు వచ్చే నాసిరకం కొత్తవాటి కన్నా చాలా నయం. అయితే మీకు చూపించినది ఏ తరం ఐ7 అన్నది మీ ఉత్తరంలో లేదు, మొత్తం జవాబు దాని మీదే ఆధారపడి ఉంది. ఇటువంటి చోట్ల ఎక్కువగా కనిపించే ఐ7-6600యూ ఆరో తరానిది, 2015లో వచ్చింది, దానిలో ఉన్నవి రెండే కోర్లు. పైన చెప్పిన ఐ3-1215యూలో ఆరు కోర్లున్నాయని గుర్తుచేస్తే, ఐ7 అన్న పేరు చూసి మురిసిపోనక్కర్లేదని మీకే తెలుస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11ను ఆ సంస్థ ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లకే అధికారికంగా అనుమతించింది. పాతదాని మీద కూడా విండోస్ 11 వేసి ఇస్తామని దుకాణం వారు అంటారు, వేస్తారు కూడా. కానీ అలా దొడ్డిదారిన వేసినదానికి భద్రతా అప్‌డేట్లు వస్తూనే ఉంటాయన్న హామీ లేదు. కాబట్టి ఎనిమిదో తరానికి తక్కువైతే ఎంత చవకైనా వద్దు. పదో తరమో పదకొండో తరమో దొరికితే ఐ5 అయినా నిస్సందేహంగా తీసుకోండి.

సివిల్ విద్యార్థికి స్క్రీన్ ఇంకా ముఖ్యం. పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో చాలా వాటికి 1366×768 స్క్రీన్ ఉంటుంది. ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌కు 1920×1080 ఉండాలని దాని తయారీదారే చెబుతున్నారు; చిన్న స్క్రీన్‌లో పరికరాల పట్టీలే సగం చోటు ఆక్రమించి, గీసే ప్లాను ఇరుకున పడుతుంది. ఆటోక్యాడ్ విద్యార్థులకు ఉచితంగానే దొరుకుతుంది, కాలేజీ గుర్తింపుతో ఏటా పొడిగించుకోవచ్చు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే దొంగ కాపీ వేయించుకుని వైరస్‌లు తెచ్చుకోకండి.

కొనేముందు దుకాణంలోనే రెండు పనులు చేయించండి. మొదటిది, బ్యాటరీ రిపోర్టు తీయించడం. విండోస్‌లో ఒక్క కమాండుతో వచ్చేస్తుంది, దుకాణం వారికి అది తెలిసినదే. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అనే రెండు అంకెలుంటాయి. మొదటిది 50,000, రెండోది 30,000 అయితే బ్యాటరీలో 60 శాతం శక్తే మిగిలిందని అర్థం. కొత్త బ్యాటరీకి అయ్యే ఖర్చును ల్యాప్‌టాప్ ధరలో తగ్గించమని బేరమాడండి. రెండోది, మీ ఎదుటే ఇంటర్నెట్‌కు కలిపి, అంతా చెరిపి మళ్లీ కొత్తగా మొదలుపెట్టే రీసెట్ చేయించడం. మొదలయ్యాక ఏదైనా కంపెనీ పేరు చూపించి ఆ కంపెనీ మెయిల్ అడిగితే, ఆ యంత్రం ఇంకా పాత యజమాని జాబితాలోనే ఉన్నట్లు. దాన్ని అక్కడే వదిలేసి రండి. సీరియల్ నంబరు రాసిన బిల్లు, కనీసం మూడు నెలల వారంటీ లేకుండా డబ్బు చెల్లించవద్దు.

ప్రశ్న: బీకాం కంప్యూటర్స్ చదువుతున్నాను. 20 వేల ట్యాబ్లెట్ కొని, దానికి కీబోర్డు తగిలించుకుంటే ల్యాప్‌టాప్ అవసరం తీరుతుందా?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: పాఠాలు చూడడానికి, నోట్సు చదవడానికి తీరుతుంది, మీ కోర్సుకు తీరదు. జమాఖర్చుల లెక్కలకు వాడే ట్యాలీ ప్రైమ్ విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్, ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్ మీద దానిని ఇన్‌స్టాల్ చేయలేరు. విండోస్ బదులు గూగుల్ వ్యవస్థతో నడిచే క్రోమ్‌బుక్ చవకగా దొరుకుతోందని ఎవరైనా చెబితే దానిదీ ఇదే ఇబ్బంది. మీకు గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్‌తో మామూలు ఐ3 సరిపోతుంది. అయితే ఇంజినీరింగ్ విద్యార్థినికి చెప్పినదానికి భిన్నంగా మీకు 15.6 అంగుళాలదే సూచిస్తాను, ఎందుకంటే కీబోర్డుకు కుడివైపున విడిగా అంకెల మీటలు ఎక్కువగా ఆ సైజులోనే ఉంటాయి. వోచర్లు (లావాదేవీల పద్దులు) నమోదు చేసే చేతికి ఆ మీటల విలువ వారం రోజుల్లో తెలిసివస్తుంది. ట్యాలీని కొననక్కర్లేదు. ఎడ్యుకేషన్ మోడ్‌లో ఉచితంగా సాధన చేయవచ్చు, కాకపోతే నెలలో 1, 2, 31 తేదీలకు మాత్రమే వోచర్లు రాయనిస్తుంది. ఎక్సెల్ లైసెన్సుకు డబ్బు లేకపోతే ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ వేసుకోండి, కాలేజీ మెయిల్ ఉంటే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఉచితంగా వస్తుందేమో ముందు కాలేజీలో అడగండి.

ప్రశ్న: అమ్మాయి ఇంజినీరింగ్‌కు విద్యా రుణం తీసుకుంటున్నాము. ల్యాప్‌టాప్‌ను నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోవడం మంచిదా, రుణంలోనే కలిపి తీసుకోవచ్చా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: కలపవచ్చు. బ్యాంకులు అనుసరించే ఐబీఏ (ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్) నమూనా విద్యా రుణ పథకంలో, కోర్సు పూర్తి చేయడానికి అవసరమైతే సముచితమైన ధరకు కంప్యూటర్ కొనడం కూడా అనుమతించిన ఖర్చుల్లో ఉంది. అయితే దరఖాస్తులో ఇచ్చే ఖర్చుల పట్టికలోనే దానిని చూపించాలి; రుణం మంజూరయ్యాక చేర్చమంటే బ్యాంకు చుట్టూ తిరగవలసి వస్తుంది. దుకాణం నుంచి, కొనకముందే ధర రాసిచ్చే ప్రొఫార్మా ఇన్వాయిస్ అమ్మాయి పేరున తీసుకుని దరఖాస్తుకు జతచేయండి. దీని మీద చదువు పూర్తయ్యే దాకా వడ్డీ పెరుగుతూ ఉంటుందన్న సంగతి మాత్రం లెక్కలో ఉంచుకోండి.

నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ మాయమైపోదు. ఆ మేరకు ధరలో తగ్గింపు చూపిస్తారు, అంతే. ప్రాసెసింగ్ ఫీజు, క్రెడిట్ కార్డు మీదైతే వడ్డీ భాగం పైన 18 శాతం జీఎస్టీ విడిగా పడతాయి. ఈఎంఐ వద్దు, మొత్తం ఒకేసారి చెల్లిస్తే ఎంతకిస్తారని అదే దుకాణంలో అడిగి చూడండి. ఆ రెండు మొత్తాల మధ్య తేడాయే మీరు కట్టే అసలు వడ్డీ. ఆ తేడా రెండు వేల లోపు ఉండి, ఆరేడు నెలల్లో తీర్చగలిగితే ఈఎంఐ మేలు. అంతకు మించితే రుణంలో కలపండి. బిల్లులో రాసిన మోడల్ ఒకటి, డబ్బాలో వచ్చింది మరొకటి అయి దుకాణం వారు మార్చనంటే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అందుకోసం డబ్బా విప్పేటప్పుడు సీరియల్ నంబరు కనిపించేలా ఫోనులో వీడియో తీసి ఉంచుకోండి.